ముందు గాలి పోవాలి

పాత ఇంట్లో ముందు హాలు ఉడికిపోతుంటే, వెనక పడకగదిలో రెండు రగ్గులు కప్పుకున్నా వణుకు తగ్గకపోతే, ఎవరైనా ముందు వెళ్లి థర్మోస్టాట్ పెంచుతారు. దాంతో హాలు ఇంకా ఉడుకుతుంది, అక్కడ కూర్చున్నవాళ్లు కిటికీ తీస్తారు, గ్యాస్ బిల్లు ఎక్కువొస్తుంది. వెనక గది మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. న్యూజెర్సీ పాత ఇళ్లలో చలికాలాలు గడుపుతూ, ఇనుప రేడియేటర్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుని చూసి చూసి నేను ఒక నిర్ణయానికి వచ్చాను. ఆ గదికి కొదవైంది వేడి కాదు. అందులో ఉన్న గాలికి బయటికి పోయే దారి లేదు.

జెర్సీ సిటీ, బ్లూమ్‌ఫీల్డ్, మాంట్‌క్లేర్ లాంటి ఊళ్లలో 1920ల నాటి ఇళ్లు ఇప్పటికీ చాలా ఉన్నాయి. రైలెక్కితే న్యూయార్క్ ఆఫీసు దగ్గరని మనవాళ్లు కొంటున్నారు, అద్దెకుంటున్నారు. వాటిలో చాలావాటికి ఒంటి పైపు ఆవిరి పద్ధతే ఉంటుంది. బేస్‌మెంట్‌లో బాయిలర్, దాని పక్కన గాజు గొట్టంలో సగం వరకు నీళ్లు కనిపిస్తుంటాయి. మంట వెలిగితే నీళ్లు మరిగి ఆవిరవుతాయి. పంపు లేదు, ఫ్యాను లేదు. ఆవిరి తనంతట తానే పైపుల్లో పైకెక్కి, పోత ఇనుము రేడియేటర్‌లో చేరి, గదికి వేడి ఇచ్చి, మళ్లీ నీరై, వచ్చిన పైపులోంచే కిందికి జారి బాయిలర్‌లో కలుస్తుంది. వందేళ్ల కిందటి పనివాళ్లు పైపు వాలుతోనే ఇదంతా సాధించారు. ఆ పనితనం మీద నాకున్న గౌరవం ఏటా పెరుగుతూనే ఉంది.

నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా వ్యాపిస్తుంది. బాయిలర్ ఆగి ఆ ఆవిరి నీరైపోగానే, ఖాళీ అయిన పైపుల్లోకి, రేడియేటర్లలోకి గాలి వచ్చి నిండుతుంది. మళ్లీ మంట వెలిగితే ఆవిరి ఆ గాలినంతా ముందు బయటికి తోయాలి. మనింట్లో కుక్కర్ మూత పెట్టాక, గొట్టంలోంచి ఆవిరి ధారగా వచ్చేదాకా ఆగి అప్పుడు వెయిట్ పెడతాం కదా, లోపలి గాలి పోవడానికే అది. ఇక్కడ ఆ పని ప్రతి రేడియేటర్‌కూ పక్కన బిగించిన బొటనవేలంత వెంట్ చేస్తుంది. గాలిని వదులుతుంది, ఆవిరి తగలగానే మూసుకుంటుంది. అది పాడైతే గాలి లోపలే ఉండిపోతుంది. గాలి ఉన్న చోటికి ఆవిరి రాదు.

ఇంతవరకు చాలామందికి తెలుసు. రేడియేటర్ వెంట్ కొత్తది కొనుక్కొచ్చి బిగిస్తారు కూడా. అయినా గది వేడెక్కదు. ఎందుకంటే బేస్‌మెంట్ కప్పు కింద పారే పెద్ద పైపుల చివర ఇంకో వెంట్ ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు. రేడియేటర్ వెంట్ కన్నా పెద్దది, మొత్తం పైపులోని గాలి అందులోంచి పోవాలి. దాని మీద ఎవరో ఎప్పుడో పెయింట్ వేసేసి ఉంటారు, లేదా తీసేసి బిరడా బిగించి ఉంటారు.

కిందటి చలికాలం జెర్సీ సిటీలో ఉండే ఒక తమ్ముడు పిలిచాడు. ఖమ్మం నుంచి వాళ్ల అమ్మానాన్న మనవరాలిని చూడ్డానికి వచ్చారు. వాళ్లకివ్వడానికి ఉన్నది వెనక గది ఒక్కటే.

“అన్నా, ఎంత పెంచినా ఆ గది వేడెక్కట్లేదు. ఒక కంపెనీవాళ్లొచ్చి బాయిలరే మార్చాలన్నారు. నాన్న స్వెటర్ మీద స్వెటరేసుకుని పడుకుంటున్నాడు.”

“బాయిలర్ సంగతి తర్వాత. ముందు కిందికి పద.”

“గది పైనుంటే కింద ఏం చూస్తావు బాబూ?” అంటూ పెద్దాయన కూడా మంకీ క్యాప్ సర్దుకుని మెట్లు దిగారు. “పైపు చివర చూద్దాం బాబాయ్ గారూ,” అన్నాను.

బాయిలర్ చల్లగా ఉండగా ఆన్ చేసి, బాయిలర్ దగ్గరి నుంచి చివరిదాకా పైపు వెంట చెయ్యి దగ్గరగా పెట్టుకుంటూ నడిచాం. ఈ పరీక్ష నాకెంతో ఇష్టం. ఆవిరి వచ్చిన చోట పైపు కాలిపోతుంటుంది, జానెడు దూరంలో మంచులా ఉంటుంది. నులివెచ్చగా ఉండే మధ్యభాగమంటూ పెద్దగా ఉండదు. ఆ గీత ఎంత వేగంగా జరుగుతుందో చూస్తే జబ్బు తెలిసిపోతుంది. హాలు వైపు వెళ్లే పైపులో అది చకచకా జరిగింది. వెనక గది వైపు పైపులో బారెడు దూరం పోయి ఆగినంత పనైంది. తమ్ముడు పూజగూట్లోంచి అగరుబత్తి తెచ్చి వెలిగించాడు. హాలు పైపు చివరి వెంట్ దగ్గర పెడితే పొగ పక్కకి విరిగి పారింది. వెనక పైపు చివర పెడితే నిటారుగా లేచింది.

“మూసుకుపోయిందన్నమాట,” అన్నారు పెద్దాయన.

అంతే జరిగింది. వెనక పైపులో గాలి కదలదు, ఆవిరంతా హాలుకే పోతుంది. థర్మోస్టాట్ ఉన్నది హాలు గోడ మీదే. హాలు వేడెక్కగానే అది బాయిలర్‌ని ఆపేస్తుంది. ఆవిరి వెనక గదికి చేరేలోపే రోజూ ఆట కట్టు. థర్మోస్టాట్ పెంచినా ఈ వరస మారదు.

ప్రెషర్ పెంచితే పోదా అని ఆ కంపెనీ మనిషి అప్పటికే బాయిలర్ మీది ప్రెషర్ కంట్రోల్‌ని పైకి తిప్పి వెళ్లాడు. దాన్ని కిందికి దించాం. ఇంటి ఆవిరికి చదరపు అంగుళానికి 2 పౌండ్ల లోపు ప్రెషర్ చాలు. కుక్కర్‌లో ఉండేది 15 పౌండ్ల దాకా. తక్కువ ప్రెషర్‌లో ఆవిరి పలచగా ఉండి వేగంగా పరుగెడుతుంది. ఎక్కువైతే ఆ చిన్న వెంట్లు దెబ్బతింటాయి, గ్యాస్ వృథా. ఈ విషయాలను ఓపిగ్గా, మామూలు మాటల్లో అందరికీ చెప్పినవాడు డాన్ హోలోహన్. 1992లో వచ్చిన ఆయన పుస్తకం ‘ది లాస్ట్ ఆర్ట్ ఆఫ్ స్టీమ్ హీటింగ్’ నాలాంటివాళ్లకు పెద్ద దిక్కు.

ఆదివారం బాయిలర్ ఆపి, పైపు చల్లారాక, పాత వెంట్ తీసి కొత్తది బిగించాం. సాయంత్రానికి వెనక గది రేడియేటర్ మొదటి రెక్క నుంచి చివరి రెక్క దాకా కాలింది. అయినా హాలు ఇంకా ముందే వేడెక్కుతోంది. అప్పుడు హాలు రేడియేటర్‌కి గాలిని నెమ్మదిగా వదిలే వెంట్ పెట్టాం. దూరపు గదిని తొందరపెట్టడం కన్నా దగ్గరి గదిని ఆపడమే మేలు. దూరపు రేడియేటర్‌కి మరీ వేగం వెంట్ పెడితే అది నీళ్లు చిమ్ముతుంది. ఒక మార్పు చేశాక రెండు మూడు చలి రాత్రులు చూడాలి, అప్పుడే ఇంకోటి ముట్టుకోవాలి.

రేడియేటర్ చిన్నదేమో అనే అనుమానం చాలామందికి వస్తుంది. పాత ఇళ్లలో అది దాదాపు ఎప్పుడూ నిజం కాదు. 1918 ఇన్‌ఫ్లుయెంజా రోజుల్లో తాజా గాలే మందు అని నమ్మి, గడ్డకట్టే చలిలో కిటికీలు తెరిచి పెట్టినా గది వెచ్చగా ఉండేంత పెద్ద రేడియేటర్లు లెక్కకట్టి పెట్టారు. ఇప్పుడు అవే గదులకు రెండద్దాల కిటికీలు వచ్చాయి. రేడియేటర్‌లో సగం కాలినా గది వెచ్చబడాలి.

చిన్నవే అయినా గట్టిగా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒంటి పైపు రేడియేటర్ వాల్వు పూర్తిగా తెరవాలి, లేదా పూర్తిగా మూయాలి. సగం తిప్పితే లోపలి నీరు కిందికి జారలేక నిలిచిపోతుంది, ఆవిరి దాన్ని గుద్దుకుని రాత్రంతా సుత్తితో కొట్టినట్టు చప్పుడు. రేడియేటర్ మీద రసమట్టం పెట్టి చూడండి, వాల్వు వైపుకి కొంచెం వాలి ఉండాలి. నేల కుంగి ఎదురు వాలితే అవతలి కాళ్ల కింద చెక్కముక్కలు పెడితే సరి. బేస్‌మెంట్ పైపులకు తెల్లటి సున్నంలాంటి పాత పట్టీ చుట్టి ఉంటే చేత్తో తాకొద్దు, అది ఆస్‌బెస్టాస్ కావచ్చు; లైసెన్స్ ఉన్నవాళ్లే తియ్యాలి. తీసేశాక పైపుల్ని బోసిగా వదిలేస్తే ఆవిరి దారిలోనే నీరైపోతుంది. ఫైబర్‌గ్లాస్ తొడుగు వేయించండి. గ్యాస్ మంట జోలికి మాత్రం మనం పోకూడదు.

లండన్, బర్మింగ్‌హామ్‌లలో ఉన్న మనవాళ్ల ఇళ్లలో పారేది వేడినీళ్లు, లెక్క వేరు. అక్కడ రేడియేటర్ పైభాగం చల్లగా ఉంటే గాలి చేరినట్టు, చిన్న తాళంచెవితో వదలొచ్చు. కింద మధ్యభాగం చల్లగా ఉంటే మడ్డి పేరుకున్నట్టు.

తమ్ముడి ఇంట్లో ఇప్పటికీ పాత బాయిలరే నడుస్తోంది. ఏదో ఒక రోజు అది పోతుంది, కొత్తది కొనాలి. అప్పుడు చూసుకోవాల్సింది పాత బాయిలర్ మీది అంకె కాదు, ఇంటి వైశాల్యమూ కాదు. ఆవిరి రేడియేటర్ల పరిమాణాన్ని చదరపు అడుగుల్లో లెక్కకడతారు, ఒక్కో చదరపు అడుగుకి గంటకి 240 బీటీయూ. ఇంట్లోని రేడియేటర్లన్నీ కొలిచి కూడితే వచ్చే మొత్తానికి బాయిలర్ సరిపోవాలి. అంతకన్నా పెద్దదైతే ప్రెషర్ ఊరికే పెరిగి, మాటిమాటికీ ఆగి వెలుగుతుంటుంది. కొలత టేపు తీసుకుని గదులన్నీ తిరగకుండా, బేస్‌మెంట్‌లో నిలబడే కొటేషన్ రాసిచ్చే మనిషికి టీ ఇచ్చి పంపించేయండి, సంతకం మాత్రం పెట్టకండి.