ఇసుక నేలలో గరిక పచ్చిక

చీరాల దగ్గరి వాడరేవు తీరాన ఇళ్ల ముందు, అతిథి గృహాల ఆవరణల్లో పచ్చికను పెంచే తోటమాలి పని, చూపరులకు తేలికగా తోచినా, ఇసుకనూ ఉప్పుగాలినీ ఎరిగి చేయవలసిన గొప్ప పనితనం. చల్లని ఉత్తర దేశాల ఇళ్లలో పెంచే కెంటకీ బ్లూగ్రాస్, ఫెస్క్యూ వంటి గడ్డి జాతులు సుమారు 15 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ మధ్య ఏపుగా పెరిగి, ఎండ ముదిరితే వాడిపోతాయి కనుక, కోస్తా వేసవికి అవి నిలవవు. ఇక్కడ ఆధారం గరిక. నేలమీద పాకే తీగలతోనూ, పసుపు కొమ్ములా మట్టిలో అడ్డంగా సాగే భూగర్భ కాండాలతోనూ అది అల్లుకుంటుంది, ఉప్పదనాన్ని చాలావరకు ఓర్చుకుంటుంది. వినాయకుడి పూజకు కోసుకొచ్చే ఈ గరికనే గుంటూరు, ప్రకాశం నల్లరేగళ్లలో పత్తి, మిరప రైతులు కలుపుగా తవ్వి పారేస్తారు; తోటమాలి మాత్రం దాని తుంపులను వరుసలుగా నాటుతాడు.

ఇసుక నీటిని నిలుపుకోలేదు కాబట్టి, ముందుగా చెరువు మట్టినీ బాగా చివికిన పశువుల ఎరువునూ కలిపి నేలను చదును చేస్తాడు. ఆకే మొక్కకు ఆహారం తయారుచేస్తుంది గనుక, కోతకోతకూ ఎత్తులో మూడో వంతుకు మించి కత్తిరించడు. అన్నిటికన్నా మెచ్చుకోదగింది తుంగను తీసే ఓపిక: పైన ఆకు పీకితే లోపలి గడ్డ మళ్లీ మొలకెత్తుతుంది కనుక, నేల తడిగా ఉన్నప్పుడే కూర్చుని, చుట్టూ ఉన్న గరిక వేరు కదలకుండా, ఒక్కొక్క గడ్డనూ చిన్న గునపంతో పైకి తీస్తాడు.