కారంచేడు చెరువు ఏ అల్మారాలో ఉంది?

గ్రంథాలయ శాస్త్రం వాళ్ళు ఆరోగ్య సమాచారం మీద చేసే పరిశోధనలు తిరగేసే వాళ్ళకి ఒక మాట కొట్టిన పిండి. 'అవగాహన లేమి'. జిల్లా మారుతుంది, గైడు మారతాడు, చివరికి తేలేది మాత్రం అదే. గ్రామీణ స్త్రీలకు అవగాహన లేదు. వ్యవసాయ కూలీలకు అవగాహన లేదు. షెడ్యూల్డ్ కులాల వాళ్ళకు మరీ లేదు. ఈ 'లేదు'ని నిరూపించటానికి ఒక ప్రశ్నావళి, నాలుగు గ్రామాలు, కొన్ని వందల మంది 'సమాధానకర్తలు', ఒక కై-వర్గ పరీక్ష. కులం అందులో ఒక గడి. వయసు, చదువు, ఆదాయం, కులం - వరసగా టిక్కులు. ఆ టిక్కు పడ్డాక కులం ఊసు మళ్ళీ రాదు. సూచనల అధ్యాయంలో సంచార గ్రంథాలయం పెట్టాలనీ, పోస్టర్లు వెయ్యాలనీ, దృశ్య శ్రవణ ప్రదర్శనలు జరపాలనీ రాసి దణ్ణం పెడతారు.

ఇవన్నీ చింపి పారెయ్యమని అనటం లేదు. ఎవరికి వార్త ఎక్కణ్ణించి అందుతుందో లెక్క కట్టటం అవసరమైన పనే. అయితే మన పిల్లలు కూడా ఇప్పుడు ఆ శాఖల్లో చేరుతున్నారు. స్కాలర్‌షిప్ మీద చదువుకుని, అదే ప్రశ్నావళి చేతబట్టుకుని మన పల్లెకే వచ్చి, మన అమ్మల్నే 'మంచినీళ్ళు కాచి తాగుతారా? అవును, కాదు' అని అడుగుతున్నారు. ఆమె కాదంటే 'అవగాహన లేదు' గడిలో టిక్కు. కట్టెలు ఎవరి పొలంలోంచి తెచ్చుకోవాలి, ఎవరి చేత తిట్లు తినాలి అనే ప్రశ్నకు ఆ కాగితంలో చోటు లేదు. ఈ విమర్శ ముందు వాళ్ళ కోసం.

'సమాచార అక్షరాస్యత' అనే మాట మన దగ్గర పుట్టింది కాదు. 1974లో అమెరికాలో పాల్ జుర్కోవ్‌స్కీ అనే ఆయన వాడుకలోకి తెచ్చాడు. ఆయన సమాచార వ్యాపార సంస్థల సంఘానికి అధ్యక్షుడు. సరుకు అమ్మేవాడికి ఆ సరుకు వాడటం తెలిసిన కొనుగోలుదారు కావాలి గదా. 1989లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ దీనికి ఒక నిర్వచనం ఇచ్చింది. తనకు సమాచారం ఎప్పుడు అవసరమో గుర్తించగలగాలి, వెతికి పట్టుకోగలగాలి, మంచిచెడ్డలు తూచగలగాలి, సమర్థంగా వాడుకోగలగాలి. మనవాళ్ళ పరిశోధనల్లో మొదటి అధ్యాయం నిండా ఇదే. బాగానే ఉంది. ఈ కొలబద్ద పట్టుకునే చీరాల పోదాం.

చీరాలకు దగ్గర్లో ఒకవైపు వేటపాలెం ఉంది, ఇంకోవైపు కారంచేడు. వేటపాలెంలో సారస్వత నికేతనం. 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి నెలకొల్పిన గ్రంథాలయం. 1929లో గాంధీ వచ్చి భవనానికి శంకుస్థాపన చేశాడు, ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉంది. పాత పత్రికల కోసం దేశంలో నలుమూలల నుంచీ పరిశోధకులు అక్కడికి వస్తారు. రావాల్సిందే, అంత సంపద ఉన్న ఊరు తెలుగునేల మీద అరుదు. ఇక కారంచేడుకి గ్రంథాలయ పరిశోధకులు ఎవరూ సమాచార అక్షరాస్యత కోసం పోరు. అది 'అట్రాసిటీ' ఊరు, సమాజశాస్త్రం వాళ్ళ పద్దు.

కానీ కారంచేడులో గొడవ దేని గురించి మొదలైంది? తాగే నీళ్ళ గురించి. 1985 జులై 16న మాదిగపల్లె తాగే చెరువులో గేదెల కుడితి మురికి కలుస్తుంటే ఒక మాదిగ కుర్రవాడు అదేమని అడిగాడు. అడిగినందుకు అతణ్ణి కొట్టారు. నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త అడ్డం పోయింది, ఆమె మీదికీ వస్తే చేతిలో బిందె ఎత్తింది. మర్నాడు, జులై 17న, కమ్మ భూస్వాములు మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగుర్ని చంపారు, ఆడపిల్లల్ని చెరిచారు. బతికినవాళ్ళు పరుగెత్తుకుంటూ చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ శిబిరం నుంచి లేచిన ఉద్యమమే 1985 సెప్టెంబరు 1న దళిత మహాసభ అయింది. ఇదంతా మన పాఠకులకు తెలిసిందే. తెలియనట్టు నటిస్తున్నది ఆరోగ్య విద్య.

అమెరికా నిర్వచనాన్నే ఈ చెరువు గట్టున పెట్టి చూడండి. నీళ్ళు మురికి అయితే రోగం వస్తుందని ఆ కుర్రవాడికి తెలుసు. మురికి ఎక్కణ్ణించి వస్తున్నదీ కంటితో చూశాడు. దాన్ని ఆపాలని తూచి నిర్ణయించుకున్నాడు. ఆపబోయాడు. గుర్తించటం, వెతకటం, తూచటం, వాడుకోవటం - నాలుగు మెట్లూ ఎక్కాడు. ఏ ప్రశ్నావళిలోనైనా నూటికి నూరు మార్కులు రావాలి. అతను పొందింది దెబ్బలు, అతని పల్లె పొందింది ఆరు శవాలు. అంచేత 'అవగాహన పెరిగితే ఆరోగ్యం పెరుగుతుంది' అనే సూత్రం ఈ చెరువులో మునిగిపోయింది. దాన్ని పైకి తీసి ఆరబెట్టుకుని మళ్ళీ వాడుకుంటున్నారు.

పైగా అవగాహన లేనిది ఎవరికి? పదిమంది తాగే నీళ్ళల్లో కుడితి కలపకూడదని తెలియనివాళ్ళు ఆ పూట గట్టు మీద ఎవరు? వాళ్ళని సమాధానకర్తలుగా ఎంచుకుని 'ఇతరుల తాగునీటి పట్ల అగ్రకుల భూస్వాముల వైఖరి' అని ఒక్క సిద్ధాంత గ్రంథమైనా రాయాలని ఎవరికైనా తోచిందా? మహద్‌లో 1927 మార్చి 20న అంబేద్కర్ వేలాది మందితో వెళ్ళి చవదార్ చెరువు నీళ్ళు తాగితే, తర్వాత సవర్ణులు ఆ చెరువుని 'శుద్ధి' చేశారు. ఎట్లా? ఆవుపేడ, ఆవు మూత్రం కలిపి కుండలకొద్దీ నీళ్ళలో పోసి. వాళ్ళంతా అక్షరాస్యులు. మన దేశంలో శుద్ధి వేరు, శుభ్రం వేరు. ఆరోగ్య విద్య పుస్తకాలు ఈ రెండో మాట గురించే మాట్లాడి మొదటి దాన్ని మతం ఖాతాలో వదిలేస్తాయి.

లండన్‌లో 1854లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు ఇల్లిల్లూ తిరిగి, చావులన్నీ బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ ఉన్నాయని కనిపెట్టాడు. ఆ పేదల్ని కూర్చోబెట్టి అవగాహనా తరగతులు పెట్టలేదు. అధికారుల దగ్గరికి పోయి పంపు పిడి ఊడబీకించాడు. ఈ కథ ప్రజారోగ్యం చదివే ప్రతి పిల్లవాడికీ నేర్పుతారు. కారంచేడులో పిడి ఎవరి చేతిలో ఉందో మాత్రం నేర్పరు.

ఇందులో గ్రంథాలయానికి సొంత పాపం కూడా ఉంది. డ్యూయీ వర్గీకరణలో వ్యక్తి ఆరోగ్యం 613. నీటి సరఫరా, పారిశుధ్యం 628. కులం 305. మూడూ మూడు అల్మారాలు. కారంచేడు చెరువు గురించి ఒక పుస్తకం వస్తే దాన్ని 305లో పెడతారు, తాగునీటి మీద పని చేసే విద్యార్థి 628 దగ్గర నిలబడి వెతికి 'ఈ విషయం మీద సాహిత్యం లేదు' అని రాసుకుని పోతాడు. పుస్తకం ఒకచోటే ఉండాలి, నిజమే. సూచికలో అడ్డ సూచనలు ఇవ్వటానికి అడ్డమేముంది? ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో అయిదు సూత్రాలు రాశాడు. ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు అన్నాడు. వాడలో పాఠకుడు ఉంటాడని ఊహించినవాడికే ఆ పుస్తకం ఎక్కడ పెట్టాలో తోస్తుంది.

ఆంధ్రలో గ్రంథాలయోద్యమ చరిత్రని మనవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. 1914లో అయ్యంకి వెంకట రమణయ్య ప్రభృతులు బెజవాడలో గ్రంథాలయ సంఘం పెట్టారు. 1935లో పాతూరి నాగభూషణం కాలవ మీద పడవ గ్రంథాలయం నడిపాడు. గొప్ప పనులే. అదే బెజవాడలో 1917లో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచముల మహాసభ జరిగింది, మనం పంచములం కాదు ఆది ఆంధ్రులం అని తేల్చి చెప్పింది. మూడేళ్ళ తేడాతో ఒకే ఊళ్ళో జరిగిన ఈ రెండు సభల్నీ పక్కపక్కన పెట్టి చదివిన గ్రంథాలయ చరిత్ర ఒక్కటైనా ఉంటే విద్యార్థులకు చూపించాలి. మన ప్రాంతపు మాదిగలకు అక్షరం వేరే దోవన వచ్చింది. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలవ తవ్వకంలో ఒక ముక్క గుత్తకు తీసుకుని, ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆకలిగొన్నవాళ్ళకి పని చూపించాడు. 1878 జులై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. తర్వాత మిషన్ బడి, బైబిలు, పాటల పుస్తకం. మతం మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది. 'పల్లెల్లో పఠనాభ్యాసం' మీద రాసేవాళ్ళు ఈ దోవని దాటేస్తే సగం పల్లెని దాటేసినట్టే.

ఇక పురుగు మందుల సంగతి. పత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఆరోగ్య సమాచారం అంటే ముందు చెప్పుకోవాల్సింది ఇదే. 1987లో పత్తి దెబ్బతిని ఈ రెండు జిల్లాల రైతులు మందు తాగి చచ్చిపోయినప్పుడు పత్రికలు రాశాయి. మందు కొట్టే కూలీ ఒళ్ళు మండి, వాంతులై, చేలోనే పడిపోతే అది వార్త కాదు. డబ్బా మీద రంగు త్రికోణం ఉంటుంది. ఎరుపు అతి విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. డబ్బాతో పాటు కరపత్రం ఉంటుంది, అందులో తెలుగూ ఉంటుంది, చదవాలంటే భూతద్దం కావాలి. పరిశోధకులు కూలీని అడుగుతారు: 'ఎర్ర త్రికోణం అర్థం తెలుసా?' తెలియదంటాడు. టిక్కు. కానీ డబ్బా కొన్నది రైతు, డ్రమ్ములో కలిపింది రైతో పాలేరో. కూలీ వీపు మీదికి వచ్చేది కలిపేసిన తెల్లటి నీళ్ళు. అతను డబ్బానే చూడడు. చూసి, చదివి, చేతి తొడుగులు ఇమ్మని అడిగాడనుకోండి, మర్నాడు ముఠాలో ఇంకొకణ్ణి పిలుస్తారు. ఎండ్రిన్‌ని 1990లో నిషేధించారు. ఊళ్ళల్లో మాత్రం ఆ పేరు విషానికి మారుపేరుగా ఉండిపోయింది. లేబుల్ చదవనివాళ్ళకి కూడా ఆ సమాచారం అందింది, శవాల ద్వారా.

మిరపకాయలకి తొడిమలు తీసే ఆడవాళ్ళ చేతుల మంట, దగ్గు, కళ్ళ నీళ్ళు ఏ ప్రశ్నావళిలో ఉన్నాయో నాకైతే కనపడలేదు. వాళ్ళు రాత్రిళ్ళు చేతులకి ఏం రాసుకుంటారు, పిల్లకి పాలిచ్చే ముందు ఏం చేస్తారు, ఒకరికొకరు ఏం చెప్పుకుంటారు? ఇది సమాచారం కాదా? దీన్ని 'అనధికార వనరులు: ఇరుగుపొరుగు' అని ఒక్క వరసలో తోసేస్తున్నారు.

2000లో డాన్ నట్‌బీమ్ అనే ప్రజారోగ్య పండితుడు ఆరోగ్య అక్షరాస్యతను మూడు అంచెలుగా విడదీశాడు. మొదటిది చీటీ చదవగలగటం. రెండోది డాక్టరుతో మాట్లాడగలగటం. మూడోది విమర్శనాత్మకం, తన ఆరోగ్యాన్ని పాడు చేస్తున్న సామాజిక, ఆర్థిక కారణాల్ని పట్టుకుని పదిమందితో కలిసి మార్చటం. మనవాళ్ళు ఆయన్ని ఉటంకిస్తారు, ప్రశ్నలు మాత్రం మొదటి అంచె దగ్గరే ఆగుతాయి. మూడో అంచెకి తెలుగునేల మీద ఉదాహరణ చూపమంటే చీరాల శిబిరం చూపాలి. అది చూపిస్తే పరీక్షకుడు 'ఇది మీ శాఖ విషయం కాదు' అంటాడని భయం. ఆ భయం ఊరికే పుట్టలేదని శాఖల్లో చదివిన దళిత విద్యార్థులకు తెలుసు.

కొత్తగా విషయం రిజిస్టరు చేసుకోబోయే వాళ్ళకి ఒకటి రెండు ప్రశ్నలు. 1960 గ్రంథాలయ చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. అది వాడలో ఇంటి మీదా పడుతుంది. వాడలోంచి ఎంత వసూలయింది, వాడకి ఎంత తిరిగొచ్చింది? శాఖా గ్రంథాలయం ఏ వీధిలో ఉంది, అక్కడికి పోవాలంటే ఎవరి అరుగుల ముందునుంచి నడవాలి? తలుపులు తీసి ఉండే వేళకి కూలీ మనిషి ఎక్కడుంటుంది? పురుగు మందు కరపత్రాన్ని పెద్దక్షరాల్లో అచ్చు వేయించి చేలోకి పోయే దోవలో గోడకి అంటించటానికి గ్రంథపాలకుడికి ఎవరి అనుమతి కావాలి, అంటించాక దాన్ని ఎవరు చింపుతారు?