రంగుటద్దపు దీపము: వెలయు, విలువయు

వస్తువు వెల వేరు, విలువ వేరు. వెలను అంగడి నిర్ణయించును. విలువను చూపు నిర్ణయించును. పాత యింట రంగుటద్దపు దీపపు గొడుగు ఒకటి బయటపడినంతనే "ఇది టిఫనీ వారిదా?" అని అడుగుట నేటి వాడుక. ఆ ప్రశ్న తప్పు కాదు. అదే మొదటి ప్రశ్న యగుట తప్పు.

ఉద్దనపల్లి, హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల మనవారికి ఈ పనితనమును కన్నులార చూచుటకు మైసూరు దూరము కాదు. 1897లో పాత కొయ్య రాజభవనము దగ్ధము కాగా, హెన్రీ ఇర్విన్ రూపకల్పనలో 1912 నాటికి కొత్త భవనము పూర్తియైనది. అందలి కల్యాణమంటపపు కప్పునకు గ్లాస్గో నుండి వచ్చిన అద్దములలో నెమళ్లు తీర్చబడియున్నవి. పగటి వెలుగు వాని గుండ దిగినపుడే ఆ పని పస తెలియును. రంగుటద్దమునకు తొలి పరీక్షకుడు వెలుతురే. కావున దీపపు గొడుగును వెలిగించి యొకమారు, ఆర్పి యొకమారు చూడవలెను.

రెండవది గాజు. పాలవన్నె గాజునకు అమెరికాలో జాన్ లాఫార్జ్ 1880లోను, లూయీ కంఫర్ట్ టిఫనీ 1881లోను పేటెంటులు పొందిరి. ఇందు రంగు పైపూత కాదు. కరగిన గాజులోనే కలసియుండును. ఆకునకు పచ్చగాజు తెచ్చుట ఎవరికైనను సాధ్యమే. ఎండపడిన ఆకుకొనకు తగిన చాయ పలకలో ఎక్కడనున్నదో వెదకి, అంతమేరకే కోయుట నేర్పరి పని.

మూడవది అతుకు. ప్రతి ముక్క అంచునకు పలుచని రాగిరేకు చుట్టి, టంకముతో కలుపుదురు. ఆ గీతలు ఆకు ఈనెలవలె చిత్రములో ఒదిగియుండవలెను. నూరేండ్ల దీపమున ఒకటి రెండు పగుళ్లుండుట పెద్ద లోపము కాదు. పొసగని కొత్త ముక్క నతికించుట లోపము. కంచు దిమ్మెపై కిలుమును తోమి మెరయించుట మేలు చేయబోయి కీడు చేయుటయే. గొడుగును దిమ్మెయు మొదటినుండి జతయో కాదో చూడవలెను. పేరుముద్రను కట్టకడపట చూడవలెను. అద్దము కోయుటకన్న ముద్ర కొట్టుట సులభము.

పేరును నమ్మినచో నెంత మోసపోవుదుమో టిఫనీ దీపముల చరిత్రయే చెప్పును. 1900లో పారిస్ ప్రదర్శనమున బహుమతి నందిన తూనీగ దీపము, సుమారు 2000 గాజుముక్కలతో కూర్చిన విస్టీరియా దీపము ఆ కర్మాగారపు స్త్రీల విభాగమునకు పెద్దయైన క్లారా డ్రిస్కాల్ రూపకల్పనలు. వివాహమాడిన స్త్రీకి అచ్చట పని లేదు. దీపముపై యజమాని పేరే నిలిచెను. ఆమె తల్లికిని చెల్లెండ్రకును వ్రాసిన జాబులు వెలుగుచూచిన పిమ్మటనే, 2007లో న్యూయార్కు నగరపు ప్రదర్శనములో ఈ సంగతి లోకమునకు తెలిసినది.

కళాదృష్టితో చూచినను విస్టీరియాకు సాటి యైనది అరుదు. ఆ గొడుగు అడుగంచు సమముగా కోయబడక, వ్రేలు పూగుత్తులవలె హెచ్చుతగ్గులుగా నుండును. పైన కంచు కొమ్మలు అల్లుకొనును. అచ్చట అలంకారము దీపమునకు తగిలించినది కాదు, దీపమే పూచినది. తూనీగ దీపమున రెక్కలపై లోహపు జాలి సొగసైనదే కాని, కన్ను నగను చూచినట్లు చూచును, వెలుగును మరచును. 2018లో పాండ్ లిలీ యను టిఫనీ దీపము 33 లక్షల డాలర్లకు పైగా అమ్ముడు పోయినది. ఆ మొత్తము కొనువారి పోటీని చెప్పునే కాని, అందలి ఒక్క గాజుముక్క ఎంపికనైనను చెప్పదు.

తరతరములుగా ఈ సీమలో స్థిరపడిన మన కుటుంబములకు ఇందొక హెచ్చరిక కలదు. క్లారాకు పేరు తిరిగి తెచ్చినవి ఇంటి జాబులు. మన పెట్టెలలోని తెలుగు జాబులు, జమాఖర్చుల పుస్తకములు చిత్తుకాగితములు కావు. ఏ వస్తువు ఎవరిచేత, ఎక్కడనుండి, ఎంతకు వచ్చినదో వానికే తెలియును. వర్తకుడు దీపమును కొనును, కాగితమును పారవేయును. మనము కాగితమును దాచవలెను. అంతకన్న ముఖ్యముగా, దానిని చదువగల అక్షరమును పిల్లలకు నేర్పవలెను. చదువువారు లేని యింట దీపమునకు వెల మాత్రమే మిగులును.