మొలకరాగి పిండి పనితనం

మా అత్త వంటింట్లో ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువ పని చేసే పాత్ర ఒక చిన్న స్టీలు గ్లాసు. టీ తాగే గ్లాసు. అంచు దాకా పోస్తే 80 మిల్లీలీటర్లు పడుతుంది. పొద్దు పొడిచినప్పటి నుంచి పడుకునే దాకా అది ఎన్నోసార్లు నిండుతుంది, నిండిన ప్రతిసారీ ఖాళీ కావడానికి అరగంట పడుతుంది. అందులో తాగేది మా వదిన, అత్త కూతురు. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుని పుట్టింటికి, వజ్రకరూరుకు వచ్చింది. ఆమెకు ఆకలి లేదు. తగ్గడం కాదు, అసలే లేదు. పొద్దున్నుంచి ఏమీ తినలేదన్న సంగతి కూడా ఆమెకు తోచదు. అలాంటి మనిషికి రోజూ 60 గ్రాముల ప్రొటీన్ అందించే పనిని అత్త ఎట్లా చేస్తోందో వారం రోజులు పక్కన కూర్చుని చూశాను. ఆ పనితనాన్ని పరిచయం చేయాలనే ఈ వ్యాసం.

ముందు ఆపరేషన్ సంగతి చెప్పాలి. వదినకు చేసింది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. జీర్ణాశయంలో ముప్పాతిక భాగానికి పైగా నిలువునా కోసి తీసేస్తారు. మిగిలేది అరటికాయంత గొట్టం, అందులో పట్టేది 100 నుంచి 150 మిల్లీలీటర్లు. కోసి తీసేసిన భాగంలోనే జీర్ణాశయం పైగుండు పోతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది అక్కడే. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కోజిమా, కంగావా దాన్ని కనుగొన్నారు. అంటే సంచి చిన్నదవడంతో పాటు, అన్నం కావాలని కబురు పంపే మనిషి కూడా ఇల్లు విడిచి వెళ్ళిపోయినట్టే. మొదటి కొన్ని నెలలు ఇది మేలే, బరువు దిగేది అప్పుడే. కానీ ఒంటికి కావలసింది మాత్రం ఆగదు. ప్రొటీన్ అందకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది, జుట్టు రాలుతుంది, మెట్లెక్కితే కాళ్ళు వణుకుతాయి. నీళ్ళు రోజుకు లీటరున్నరకు తగ్గకూడదు. అవీ తిండితో కలిపి తాగకూడదు. తిన్నాక అరగంట ఆగాలి.

మొదట్లో అత్తకు ఇది అర్థం కాలేదు. మూడో వారంలో, బిడ్డ చిక్కిపోతోందన్న బెంగతో, నిమ్మకాయంత సంగటి ముద్దను ఊరిబిండిలో అద్ది నోట్లో పెట్టింది. అది మెత్తటి గుజ్జు మాత్రమే తినవలసిన వారం. ముద్ద ఆ గొట్టంలో అడ్డుపడింది. వదిన రొమ్ము పట్టుకుని గంటసేపు మెలికలు తిరిగింది, వాంతయ్యాకే కుదుటపడింది. ఆ రాత్రి అత్త నిద్రపోలేదు. తెల్లారి రాగులు నానబోసింది.

నన్ను అబ్బురపరిచింది ఆ రాగుల పనే. సంగటి చిక్కగా ఉంటుంది, దిగదు. జావగా పలచన చేస్తే దిగుతుంది గానీ అందులో ఉండేది నీళ్ళే. చిన్న గ్లాసులో నీళ్ళకు చోటిచ్చామంటే తిండికి చోటు పోయినట్టే. పలచగా ఉండాలి, పిండి ఎక్కువ పట్టాలి. ఈ రెండూ ఒకదానికొకటి పొసగవు. వీటిని పొసగించేది మొలక. గింజ మొలకెత్తేటప్పుడు అందులో అమైలేజ్ అనే ఎంజైము పుడుతుంది. అది పిండిపదార్థపు పొడుగాటి గొలుసులను తుంచేస్తుంది. గొలుసులు తెగితే నీళ్ళను పట్టి ఉంచే శక్తి పోతుంది, చిక్కదనం విరిగిపోతుంది. 1980లలో బరోడాలో తారా గోపాల్‌దాస్ బృందం పసిపిల్లల జావ కోసం ఈ గుణాన్ని శ్రద్ధగా పరిశీలించి, చెంచాడు మొలకపిండితో చిక్కటి జావను ఎలా పలచబరచవచ్చో చూపింది. మా అత్త ఆ పేర్లేవీ వినలేదు. ఆమెకు తెలిసింది వాళ్ళ అవ్వ బాలింతలకు కాచిన జావ.

రాగులు ఒక రాత్రి నానతాయి. పొద్దున్నే వడగట్టి పాత పంచె గుడ్డలో మూటగట్టి, చీకటి మూలలో చట్టి కింద పెడుతుంది. పూటకోసారి మూట మీద నీళ్ళు చిలకరిస్తుంది. మర్నాటికి తెల్లటి మొలక గింజంత పొడుగు వస్తుంది. అంతకు మించి పెరగనివ్వదు, పెరిగితే చేదు. ఆ తర్వాత ఎండ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే మా అనంతపురం నేలలో కరువు లేనిది ఎండకే. మధ్యాహ్నానికి గింజ గలగలమంటుంది. అరచేతుల మధ్య నలిపి చేట చెరిగితే మొలకల పొట్టు గాలికి పోతుంది. తర్వాత వేయింపు. అత్త చేతినేర్పంతా ఇక్కడే ఉంది. పెనం కింద మంట ఉందా లేదా అన్నంత సన్నగా పెట్టి, గింజను చేత్తోనే కలుపుతుంది. చెయ్యి ఓర్చలేనంత వేడి వస్తే దించేస్తుంది. ఎక్కువ వేడి తగిలితే ఎంజైము చస్తుంది, పిండి మామూలు పిండే అవుతుంది. ఆమె మాటల్లో అయితే, "మాడిన మొలక పని చెయ్యదు". వేయించాక ఇసుర్రాయి, తర్వాత గుడ్డ జల్లెడ. గుడ్డలోంచి దిగిన పిండిని వేళ్ళ మధ్య రాస్తే రవ్వ తగలదు.

జావ కాచడం చూడాలి. మామూలు రాగిపిండితో, తెడ్డు నిలబడేంత చిక్కగా ఉడికిస్తుంది. దించి, బుడగలు ఆగాక, చెంచాడు మొలకపిండి వేసి తిప్పుతుంది. రెండు మూడు నిమిషాలకే తెడ్డు తేలికపడుతుంది. ముద్దలా పడుతున్నది ధారగా జారుతుంది. ఒక్క చుక్క నీళ్ళు పోయలేదు, గిన్నెలో పిండి ఒక్క గ్రాము తగ్గలేదు. నా కళ్ళ ముందు జరిగినా నమ్మడానికి ఇంకోసారి చేయించుకుని చూశాను. ఆ పైన మళ్ళీ ఒక పొంగు రానిచ్చి దించుతుంది.

అయితే రాగిలో ప్రొటీన్ తక్కువ, నూటికి ఏడు గ్రాములు. ఆ లోటు పూడ్చడానికి హైదరాబాదు వైపు చూడాలి. 1918లో కూనూరులో బెరిబెరి విచారణ కేంద్రంగా మొదలై, తర్వాత హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకున్న చోట, తిండి అందక కృశించిన పసిపిల్లల కోసం ఒక పొడి తయారైంది. దాని పేరు హైదరాబాద్ మిక్స్. గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగలు 10, బెల్లం 20. మొత్తం 86 గ్రాములకు 330 కెలోరీలు, 11.3 గ్రాముల ప్రొటీన్. బాగా కృశించిన పిల్లలకూ ఆకలి ఉండదు. అందుకే తక్కువ పరిమాణంలో ఎక్కువ సత్తువ కూర్చారు. గోధుమల్లో కొరవడిన లైసిన్‌ను శనగపప్పు తెస్తుంది, వేరుశనగ నూనె గిన్నె పెంచకుండా కెలోరీలు పెంచుతుంది. పల్లెటూరి అంగట్లో దొరికే నాలుగు సరుకులతో ఇంత లెక్క కుదిరించడం చిన్న పని కాదు.

ఆ లెక్కను వదిన ఒంటికి తగ్గట్టు తిప్పుకోవాలి. బెల్లం పూర్తిగా మానేశారు. ఈ ఆపరేషన్ల తర్వాత తీపి ఒక్కసారిగా పేగులోకి దిగితే చెమటలు, గుండెదడ, నీరసం రావచ్చు. అందుకే జావ కూడా కొంచెమే. శనగపప్పు బదులు మా వైపు మాటలో పప్పులు, అంటే పుట్నాలు, 20 గ్రాములు. వేరుశనగలు 10, మొలకపిండి 10. ఈ మూడింటి పొడిని 200 మిల్లీలీటర్ల పాలలో ఉడికించి, వెన్న తీసిన పాలపొడి 20 గ్రాములు కలుపుతుంది. మొత్తం దాదాపు 21 గ్రాముల ప్రొటీన్. మూడు గ్లాసులు, మూడు పూటలు. మిగతాది ఆసుపత్రి వాళ్ళు రాసిచ్చిన ప్రొటీన్ పొడి, ఒక గుడ్డు, మూటకట్టి నీళ్ళు దించిన పెరుగు, మెత్తగా నూరిన కోడికూర ముప్పై గ్రాములు. కూడితే 60 దాటుతుంది. పొడి ఒక్కటే అన్నీ చేస్తుందని గానీ, ఇంటి తిండి ఉంటే పొడి అక్కర్లేదని గానీ అనుకోవడం తప్పని నాకు అనిపించింది. రెండూ కలిస్తేనే లెక్క కుదిరింది.

వేరుశనగల దగ్గర అత్త పడే శ్రమ వేరే చెప్పాలి. కాయ ఊరే రోజుల్లో వాన మొహం చాటేస్తే, నేలలోనే గింజకు బూజు సోకి అఫ్లాటాక్సిన్ చేరుతుంది. కరువు నేల వేరుశనగకు ఇది పెద్ద బెడద. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ దీనిమీద చాలా ఏళ్ళుగా పనిచేస్తోంది. అత్త చేటలో గింజలు పరిచి, ముడుతపడినవి, రంగు మారినవి, తొక్క పగిలినవి ఒక్కొక్కటే ఏరేస్తుంది. ఈ ఊళ్ళో తొలకరి పడగానే జనం చేలల్లో తలలు వంచుకుని వజ్రాలు వెతుకుతారు. అత్త కూడా వయసులో వెతికింది. ఆ చూపే ఇప్పుడు చేట మీద ఉంది.

తినిపించే తీరులో ఇంకో మార్పు గమనించాను. మా పళ్ళెంలో సంగటి ముద్ద నడుమ కూర్చుంటుంది, ఊరిబిండి, బ్యాళ్ళు అంచున ఉంటాయి. వదిన గిన్నెలో గుడ్డు, కూర, పెరుగు ముందు వస్తాయి. వాటికి చోటు పోగా మిగిలితేనే సంగటిగుజ్జు. మాకు ఇది తలకిందుల వడ్డన. అత్త దాన్ని నెలలోపే అలవాటు చేసుకుంది. గోడ గడియారం కింద సుద్దతో వేళలు రాసుకుంది.

"ఆకలే లేదంటాంది గదా అత్తా, ఎట్ల తాగిస్తావు?" అని అడిగాను.

"ఆకలుంటే అదే అడుగుతాది. లేనప్పుడు యాళ చూసి మనమే పొయ్యల్ల. డ్రిప్పు పెట్టిన చెట్టు నీళ్ళు అడుగుతాదా?" అంది.

ఆమె ఎప్పుడూ "ఇంగొక్క గుక్క" అనదు. వదిన చాలు అంటే గ్లాసు తీసేసి, గంట తర్వాత మళ్ళీ తెస్తుంది. నిండిందన్న కబురును మాత్రం నమ్మాలని ఆ సంగటి ముద్ద రోజున నేర్చుకుంది. విటమిన్ బి12, ఇనుము, కాల్షియం, విటమిన్ డి మాత్రలు ఆ గడియారం పక్కనే డబ్బాలో ఉంటాయి. వాటిని ఏళ్ళ తరబడి వాడాల్సిందే.

మీ ఇంటికి ఇలాంటి మనిషి వస్తే మొలకపిండి చేసి పెట్టండి, మీ వైద్యుడు చెప్పిన దశ దాటకుండా. ఆకలి లేదన్న మాటకు భయపడకండి. కానీ వాంతులు ఆగకుండా రెండు రోజులు గడిస్తే, నీళ్ళు కూడా నిలవకపోతే, ఊళ్ళో గ్లూకోజు సీసా పెట్టించి సరిపెట్టకండి. అప్పటికి ఒంట్లో థయమిన్, అంటే విటమిన్ బి1 అడుగంటి ఉండొచ్చు. అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకే ప్రమాదం. ఆపరేషన్ అయిన సంగతి ముందే చెప్పి, థయమిన్ గురించి అడిగి, ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి.