సౌందర్య సాధనాల లేబుళ్ల భాష: వాచ్యార్థం, వ్యంగ్యార్థం

1. ఉపోద్ఘాతం

మదనపల్లె సమీపంలోని అంగళ్లు అనే ఊరి పేరు ‘అంగడి’ శబ్దానికి బహువచనం. రాయలసీమలో దుకాణానికి నేటికీ అంగడి అనే మాటే వాడుకలో ఉంది. అంగళ్లు, పుంగనూరు, కుప్పం ప్రాంతాల అంగళ్లలో సీకాయ పొడి, సున్నిపిండి పక్కనే క్రీముల, షాంపూల ప్యాకెట్లు వేలాడుతూ కనిపిస్తాయి. ‘నేచురల్’, ‘హెర్బల్’, ‘గ్లో’, ‘డెర్మటాలజిస్ట్ టెస్టెడ్’ వంటి మాటలు వాటిపై ప్రముఖంగా అచ్చవుతాయి. వీటిలో చాలా మాటలు వాచ్యార్థంలో అబద్ధాలు కావు. వాటిలోని మోసం వ్యంగ్యార్థంలో ఉంది. కనుక వీటిని పరిశీలించే బాధ్యత రసాయనశాస్త్రంతోపాటు సాహిత్య విమర్శకూ ఉందని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. చెప్పిన అర్థం, స్ఫురించే అర్థం

ఆలంకారికులు శబ్దానికి అభిధ, లక్షణ, వ్యంజన అనే వృత్తులను చెప్పారు. ‘గంగలో పల్లె’ అన్నప్పుడు ప్రవాహంలో పల్లె ఉండదు కనుక లక్షణ వల్ల ఒడ్డున ఉన్న పల్లె అని గ్రహిస్తాం. ఆ పల్లె చల్లదనం, పావనత్వం వ్యంజన వల్ల స్ఫురిస్తాయి. లేబుల్ మీది మాట ప్రధానంగా ఈ వ్యంజన మీదే ఆధారపడుతుంది.

‘డెర్మటాలజిస్ట్ టెస్టెడ్’ అన్న మాటకు చర్మవైద్యులు పరీక్షించారని మాత్రమే అర్థం. ఎందరిపై, ఎన్నాళ్లు పరీక్షించారో, ఏ ఫలితం వచ్చిందో ఆ మాట చెప్పదు. కొనేవారికి స్ఫురించేది మాత్రం ‘ఇది సురక్షితం’ అన్న భావం. ‘హైపోఅలర్జెనిక్’ అన్న మాట మరింత జారుడైనది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1975లో ఈ పదవినియోగానికి నియమం చేయగా, 1977లో అప్పీలు న్యాయస్థానం దాన్ని కొట్టివేసింది. ‘కెమికల్ ఫ్రీ’ అన్న మాట వాచ్యార్థంలోనే నిలవదు. నీరు కూడా రసాయనమే.

‘హెర్బల్’ అన్న మాటను ప్యాకెట్టు ముందువైపు, వెనుకవైపు కలిపి చదవాలి. మనదేశ నిబంధనల ప్రకారం పదార్థాల పేర్లను పరిమాణాన్ని బట్టి అవరోహణ క్రమంలో ఇవ్వాలి. 1 శాతం, అంతకు తక్కువ ఉన్నవాటిని చివర ఏ వరుసలోనైనా ఇవ్వవచ్చు. ముందువైపు బొమ్మలో నిండుగా కనిపించే కలబందో, కుంకుమపువ్వో వెనుక జాబితాలో చిట్టచివర ఉంటే, బొమ్మ వ్యంజింపజేసిన దాన్ని జాబితా ఖండిస్తున్నట్టే.

3. ‘ఫెయిర్’ నుంచి ‘గ్లో’ వరకు

హిందుస్థాన్ లీవర్ సంస్థ 1975లో ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ని ప్రవేశపెట్టింది. 2020లో ఆ పేరు ‘గ్లో అండ్ లవ్లీ’గా మారింది. ‘ఫెయిర్’ అన్న మాటకు తెల్లదనం అన్న అర్థం నేరుగా ఉంది. ‘గ్లో’కు నిగారింపు అని మాత్రమే అర్థం. ఇది స్వాగతించదగిన మార్పే. అయితే 45 ఏళ్ల వాడుకలో ఆ ప్యాకెట్టుతో ముడిపడిన సంస్కారం ఒక్క మాట మార్పుతో చెరగదు. పాత పేరు ఎరిగిన వారికి కొత్త పేరులోనూ పాత అర్థం ధ్వనిస్తుంది. ‘ఎర్రగా బుర్రగా’ అన్న పలుకుబడి మెప్పుగా చెలామణి అయ్యే సమాజంలో ఈ ధ్వనికి అనుకూలమైన నేల ముందే సిద్ధంగా ఉంది. ‘చామనచాయ’ వంటి మంచి మాట చికిత్స కోరే లోపానికి పేరుగా దిగజారడమే ఇందులోని అసలు నష్టం.

4. చట్టం, భాష

ప్రకటనల్లో అతిశయోక్తి సహజమేనని, కొనేవారికి అది తెలుసునని ఒక వాదం ఉంది. ‘చంద్రముఖి’ అన్న మాటకు ఎవరూ రుజువు అడగరు, నిజమే. కానీ ‘క్లినికల్లీ ప్రూవెన్’ అన్న మాట తాను అలంకారమని ఒప్పుకోదు. ప్రమాణంగా చలామణి అవుతుంది. కావ్యంలో వ్యంగ్యం ఆనందం కోసం. ఇక్కడ వ్యంగ్యానికి వెల చెల్లించేది పాఠకుడే.

2020 నాటి సౌందర్య సాధనాల నియమాలు వినియోగదారుకు తప్పుడు భావాన్ని కలిగించడాన్ని సైతం నిషేధించాయి. అంటే చట్టం వ్యంగ్యార్థాన్ని కూడా గుర్తించింది. ఆ భావం ఎవరికి, ఏ భాషలో కలుగుతుందన్నది ప్రశ్న. 2022 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ప్రకటనలోని దావా ఏ భాషలో ఉంటే దాని వివరణ కూడా ఆ భాషలోనే ఉండాలి. 2011 నాటి ప్యాకేజీ వస్తువుల నియమాల ప్రకారం మాత్రం తప్పనిసరి వివరాలు హిందీలో గాని ఇంగ్లీషులో గాని ఉంటే చాలు. ఇతర భాషలు ఐచ్ఛికం. ఫలితంగా తెలుగు ప్రకటన విని ఆశపడిన వ్యక్తి, ఆ ఆశకు గల హద్దులను తనకు రాని భాషలో, సన్నని అక్షరాల్లో వెతుక్కోవలసి వస్తోంది.

5. ముగింపు

లేబుల్ మీది మాట అబద్ధమా కాదా అన్న ప్రశ్నతో విచారణ ముగియకూడదు. ఆ మాట అంగళ్లులో కొనేవారికి ఏ అర్థాన్ని ఇస్తోందన్నది అంతకంటే ముఖ్యం. దాన్ని నిర్ణయించడానికి లేబుళ్ల సేకరణ, కొనేవారి అర్థగ్రహణ పరిశీలన, తెలుగు వివరణ పదకోశం అవసరం. మూడు రాష్ట్రాల కూడలిలో ఉన్న కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయం వంటి చోట తెలుగు, తమిళ, కన్నడ లేబుళ్లను తులనాత్మకంగా పరిశీలించే అవకాశమూ ఉంది. కావ్యధ్వనిని ఇంత సూక్ష్మంగా విశ్లేషించిన సంప్రదాయం అంగడిధ్వనిని ఉపేక్షించడం తగదు.