పొగ రాని కుంపటి

కోనసీమకు గ్యాసు భయం కొత్త కాదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి నుంచి ఎగసిన మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి ఇళ్లూ కొబ్బరిచెట్లూ కాలిపోయాయి. అందుకే ఇక్కడి కుటుంబాలు వాసననో మంటనో గ్యాసు ప్రమాదానికి గుర్తుగా భావిస్తాయి. ఆ రెండు గుర్తులూ ఇవ్వని కార్బన్ మోనాక్సైడ్ గురించి ఇంటింటా చెప్పడం కష్టం కావడానికి ఇదే కారణం. కట్టె, బొగ్గు, పెట్రోలు, వంటగ్యాసు, వీటిలో ఏదైనా చాలినంత గాలి అందక మండినప్పుడు పుట్టే ఈ విషవాయువును, రక్తంలో ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది.

కొబ్బరి మట్టలూ డొక్కలూ మండే పొయ్యి కళ్లు మండించి మనిషిని బయటికి తరుముతుంది. కణకణలాడుతూ పైన పలచగా నివురు కప్పుకున్న చిప్పబొగ్గుల నుంచి పొగ దాదాపు రాదు గనుక, వాటిని నిశ్చింతగా గదిలోకి తెస్తారు. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా వెలువడేది ఆ నిప్పుల నుంచే. పొగ లేకపోతే ప్రమాదం లేదన్న నమ్మకాన్ని సడలించడమే ఈ బోధనలో అసలు పని. చలిగాలి తగలకూడదని తలుపులు బిగించి, మంచం కింద కుంపటి ఉంచే బాలింత గదిలో ఇది మరీ అవసరం. అక్కడ ఆశా కార్యకర్త పెద్దావిడ ఆచారాన్ని తప్పుపడితే మాట చెవికెక్కదు. తల్లీబిడ్డలకు వెచ్చదనం కావాలన్న ఆమె ఆరాటం న్యాయమైనదే. "దుప్పటి కప్పండి మామ్మగారూ, సాంబ్రాణి వేసేటప్పుడు తలుపు తీసి ఉంచండి, వేయగానే కుంపటి బయట పెట్టేయండి" అంటే, ఆ ఇంటి మర్యాదా నిలుస్తుంది, గదిలోకి గాలీ వస్తుంది.

1996 నవంబరు 6 నాటి తుపాను చూసిన ఈ సీమలో, కరెంటు పోయిన రాత్రి వాన జల్లుకు భయపడి జనరేటరును వరండాలోకి జరపడం కూడా అంతే ప్రమాదకరం. అది ఆరుబయట, తలుపులకూ కిటికీలకూ దూరంగానే ఉండాలి. కిటికీ లేని స్నానాలగదిలో గ్యాసు గీజరు అసలే పనికిరాదు.

ఒకే ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి మొదలై, వీధిలోకి వస్తే తగ్గుతుంటే దాన్ని పైత్యంగా కొట్టిపారేయకూడదు. వెంటనే అందరినీ బయటికి తెచ్చి 108కి ఫోను చేయాలి. గదిలో కుంపటి ఉన్న సంగతి వైద్యుడికి తప్పక చెప్పాలి. ఎందుకంటే వేలికి తొడిగే ఆక్సీమీటరు ఈ విషాన్ని ఆక్సిజన్‌గా పొరబడి మంచి అంకెనే చూపవచ్చు. రక్తంలో చేరిన ఈ విషం సగానికి తగ్గడానికి మామూలు గాలిలో నాలుగైదు గంటలు పడితే, మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజన్ అందించినప్పుడు సుమారు గంటన్నర చాలు.