మూడు నిమిషాల మౌనం

పాత ఓడల రేడియో గదుల్లో ఒక గోడ గడియారం ఉండేది. దాని ముఖం మీద రెండుచోట్ల ఎర్రరంగు వేసి ఉండేది: 15వ నిమిషం నుంచి 18 దాకా ఒకటి, 45 నుంచి 48 దాకా ఇంకొకటి. నిమిషాల ముల్లు ఆ ఎరుపులోకి అడుగుపెట్టగానే 500 కిలోహెర్ట్జ్ మీద మాట్లాడుతున్న ఓడలూ తీరకేంద్రాలూ అన్నీ ఆగిపోవాలి. బేరసారాలు, వాతావరణ వార్తలు, కెప్టెన్ ఇంటికి పంపే క్షేమసమాచారం, ఏదైనా సరే మూడు నిమిషాలు పక్కన పెట్టాలి. ఎక్కడో మునిగిపోతున్న పడవ ఒకటి బలహీనమైన బ్యాటరీతో పిలుస్తుంటే ఆ పిలుపు ఈ సందడిలో కొట్టుకుపోకూడదు. గంటకు రెండుసార్లు, రోజుకు 48 సార్లు సముద్రం మీద అందరూ కలిసి చెవి ఒగ్గేవాళ్ళు.

ఈ క్రమశిక్షణకు మూలం 1912 ఏప్రిల్ 14 రాత్రి. టైటానిక్‌కు దగ్గరలోనే కాలిఫోర్నియన్ అనే ఓడ ఉంది. దానిలో ఉన్నది ఒక్కడే రేడియో ఆపరేటర్. పగలంతా పనిచేసి సెట్టు కట్టేసి పడుకున్నాడు. చాలా దూరంలో ఉన్న కార్పేథియా ఓడ ఆపరేటర్ హెరాల్డ్ కాటం ఆ వేళకు ఇంకా మేలుకుని ఉన్నాడు కాబట్టి పడవల్లో మిగిలిన ఏడువందల పైచిలుకు మంది బతికారు. వినేవాడు మేలుకుని ఉండాలన్న నియమం ఆ తర్వాతే చట్టంలోకి ఎక్కింది.

వనపర్తి నుంచి సముద్రం ఏ దిక్కున చూసినా రెండువందల కిలోమీటర్లకు పైనే. గద్వాల, నాగర్‌కర్నూల్‌ల నుంచీ అంతే. మనకెందుకు ఈ కథ అనిపించవచ్చు. కానీ పాలమూరు మనిషికి సముద్రం కొత్త కాదు. మన తాతలు, తండ్రులు బొంబాయికి వలస వెళ్ళి అక్కడి నుంచి కబురు పంపినవాళ్ళే. తంతి వచ్చిందంటే వాకిట్లో నిలబడ్డవాళ్ళ మొహాల్లో నెత్తురు ఇంకిపోయేది. ఎవరో చదివి చెప్పేదాకా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. దూరాన ఉన్న మనిషి బతికున్నాడా లేడా అన్న ఆ దిగులే రేడియో పుట్టడానికి ఒక కారణం.

ఓడలతో మాట్లాడిన ఆ తీరకేంద్రాల్లో ఇప్పటికీ గొంతున్న వాటిలో ఒకటి కాలిఫోర్నియాలోని కె.పి.హెచ్. పసిఫిక్ ఒడ్డున బొలినాస్‌లో ట్రాన్స్‌మిటర్లు, సుమారు 30 కిలోమీటర్ల దూరంలో పాయింట్ రేయస్‌లో రిసీవర్లు. రెంటినీ ఇంత ఎడంగా పెట్టడానికి కారణం తేలికే: పక్కింట్లో లౌడ్‌స్పీకర్ మోగుతుంటే ఫోన్‌లో అవతలివాళ్ళ మాట వినపడుతుందా? అరిచేది ఒకచోట, వినేది ఇంకొకచోట. 1997లో ఈ కేంద్రాన్ని మూసేశారు. 1999 ఫిబ్రవరికి ఉపగ్రహాల మీద నడిచే కొత్త రక్షణ వ్యవస్థ పూర్తిగా అమల్లోకి వచ్చింది. అదే ఏడాది జూలై 12న అమెరికా తీరకేంద్రాలు వ్యాపార మోర్స్‌కు వీడ్కోలు చెప్పాయి. 1844లో సామ్యూల్ మోర్స్ పంపిన మొదటి సందేశంలోని మాటలనే చివరి సందేశంగానూ పంపారు. ఆ రోజు అక్కడున్న వాళ్ళలో కొందరు ఏడ్చారని చదివితే నాకు ఆశ్చర్యం కలగలేదు.

ఆ తర్వాత జరిగిందే అసలు కథ. రిచర్డ్ డిల్‌మన్, టామ్ హోర్స్‌ఫాల్ అనే ఇద్దరు మరికొందరితో కలిసి మారిటైమ్ రేడియో హిస్టారికల్ సొసైటీని పెట్టుకున్నారు. భూమి జాతీయ ఉద్యానవనానిది. ఉద్యానవనం వాళ్ళ అనుమతితో లోపలికి వెళ్ళి చూస్తే రిసీవర్లు, కీలు, బల్లలు చాలావరకు ఉన్నచోటే ఉన్నాయి. ఒకప్పుడు అక్కడే జీతానికి పనిచేసినవాళ్ళు కొందరు జీతం లేకుండా తిరిగి వచ్చి అదే కుర్చీల్లో కూర్చున్నారు.

ఆ పని ఎలాంటిదో కొంచెం వివరంగా చెప్పాలి. పెద్ద ట్రాన్స్‌మిటర్ అంటే నిలువెత్తు ఇనుప బీరువా. లోపల గాజు వాల్వులు, వేల వోల్టుల కరెంటు. ఏళ్ళ తరబడి ఆగి ఉన్నదానికి ఒక్కసారిగా పూర్తి కరెంటు ఇస్తే పాత కెపాసిటర్లు పేలిపోతాయి. అందుకే వోల్టేజీని కొంచెం కొంచెంగా పెంచుతూ, పథ్యం పెట్టి రోగిని లేపినట్టు లేపాలి. పాదరసపు ఆవిరితో పనిచేసే రెక్టిఫయర్ వాల్వులైతే ముందు ఫిలమెంటు వేడెక్కాలి, పాదరసం ఆవిరై స్థిమితపడాలి, అప్పుడే పైవోల్టేజీ. తొందరపడితే వాల్వు పోతుంది, అలాంటిది మళ్ళీ దొరకడం కష్టం. తలుపు తీసి చెయ్యి పెట్టేముందు, కరెంటు తీసేశాక కూడా, భూమికి కలిపిన కొక్కెం కర్రను లోపలి తీగలకు తాకించాలి. కెపాసిటర్‌లో దాగిన కరెంటు మనిషిని చంపగలదు. పాత మెకానిక్కులు రెండో చెయ్యి జేబులో పెట్టుకోమనేది కూడా ఇందుకే: రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుంది. ఇక బయట సముద్రపు ఉప్పుగాలి. ఏంటెన్నా తీగలను, బిగింపులను అది ఏడాది పొడుగునా తింటూనే ఉంటుంది. స్తంభాలెక్కి తుడవడం, మార్చడం, మళ్ళీ బిగించడం ఎప్పటికీ తెమలని పని.

యంత్రం లేచింది సరే. కీ మీద చెయ్యి ఎవరిది? గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచు కలిపే కుప్పడం పని ఉంది కదా. మగ్గాన్ని అద్దాల పెట్టెలో పెట్టినంత మాత్రాన ఆ పని బతకదు, వేళ్ళకు తెలిసినవాళ్ళు ఉండాలి. మోర్స్ కూడా అంతే. చుక్క ఒక మాత్ర, గీత మూడు మాత్రలు. అక్షరంలో ముక్కల మధ్య ఒక మాత్ర ఖాళీ, అక్షరానికి అక్షరానికి మూడు, మాటకూ మాటకూ ఏడు. కాగితం మీద చుక్కలు గీతలు లెక్కపెట్టి నేర్చుకున్నవాడు వేగం అందుకోలేడు. డప్పు నేర్చేవాడు దరువును చెవితో పట్టుకున్నట్టు ప్రతి అక్షరాన్నీ ఒక మోతగా పట్టుకోవాలి. ఛందస్సు తెలిసినవాళ్ళకు ఇది తొందరగా పట్టుబడుతుందని నా నమ్మకం, లఘువు గురువులతో మెదిలిన చెవి అది. బాగా నడిచిన ఆపరేటర్ చెయ్యి దస్తూరిలాంటిది. గొంతు వినకుండానే, పేరు చెప్పకుండానే, ఫలానా వాడని అవతలివాడు గుర్తుపడతాడు. యంత్రంతో పాటు కె.పి.హెచ్. వాళ్ళు కాపాడుతున్నది ఆ దస్తూరిని.

మన తెలుగునేల మీద ఇదే పని ఇంకో రూపంలో జరుగుతోంది. హైదరాబాద్‌లో 1983లో ఏర్పడ్డ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఎందరికో హామ్ రేడియో నేర్పింది. హామ్ అంటే లైసెన్సు తీసుకుని, లాభం ఆశించకుండా, సొంత సెట్టుతో ప్రపంచంతో మాట్లాడే మనిషి. కేంద్రం పెట్టే పరీక్ష నెగ్గితే వి.యు.తో మొదలయ్యే పిలుపు పేరు ఇస్తారు. రాజీవ్ గాంధీ పిలుపు పేరు వి.యు.2 ఆర్.జి.

2004 డిసెంబరులో ఈ సంస్థ బృందం అండమాన్‌కు వెళ్ళింది. ఎన్నో ఏళ్ళుగా అక్కడ హామ్‌లకు అనుమతి లేదు. కాబట్టి ఆ దీవుల నుంచి ఒక పలకరింపు అందితే చాలని ప్రపంచమంతా కాచుకుని ఉంది. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక హోటల్ నుంచి భారతీ ప్రసాద్ వి.యు.4 ఆర్.బి.ఐ. పేరుతో మాట్లాడుతున్నారు. డిసెంబరు 26 తెల్లవారుజామున కూడా ఆమె సెట్టు ముందే ఉన్నారు. భూమి కదిలింది, వెంట సునామీ వచ్చింది. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. అప్పటిదాకా సరదా పలకరింపులకు వాడిన సెట్టే ఆ రోజు నుంచి దీవులను ప్రధాన భూభాగంతో కలిపిన తాడు అయింది. అధికారుల కబుర్లు, తమవాళ్ళు ఎలా ఉన్నారని వేలమంది అడిగిన ప్రశ్నలు దాని మీదుగా సాగాయి. తర్వాత కార్ నికోబార్‌లోనూ ఒక కేంద్రం తెరిచారు. ఆ బృందం అక్కడ అప్పటికే ఉండటం అదృష్టం కావచ్చు. సెట్టు తీసి వెంటనే పని అందుకోగలగడం మాత్రం ఏళ్ళ సాధన.

ఇలాంటి రోజులు మన జిల్లాలకు రావా? 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి రాజోలి, అలంపూర్ ప్రాంతాలు నీళ్ళలో ఉన్నాయి, నది అవతల కర్నూలు పట్టణమే మునిగింది. నల్లమలలో లోపలికి పోతే సెల్‌ఫోన్‌కు సిగ్నల్ అందని చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ అటవీ సిబ్బందికి ఆసరా చేతిలోని వైర్‌లెస్ సెట్టే. వనపర్తి రాజుల కోటలో పాలిటెక్నిక్ నడుస్తోంది. ఆ పైకప్పు మీద ఒక ఏంటెన్నా, ఒక మూలగదిలో సెట్టు, వారానికి ఒక సాయంత్రం వచ్చే పదిమంది పిల్లలు, ఇంతకంటే ఎక్కువ ఖర్చేమీ కాదు. నాకు ఈ కోరిక చాలాకాలంగా ఉంది.

సముద్రపు రేడియోకు ఒడ్డు కూడా అక్కర్లేదని మన పక్క జిల్లాయే చెబుతోంది. వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో నౌకాదళం కొత్త కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. జలాంతర్గాములతో మాట్లాడే అతి తక్కువ ఫ్రీక్వెన్సీ అలలు నీళ్ళలోకి కొన్ని మీటర్ల లోతు దాకా దిగుతాయి, భూమి వంపు వెంట వేల కిలోమీటర్లు పోతాయి. అందుకు దక్కన్ పీఠభూమి సరిపోయింది. అడవి పోతుందని అక్కడివాళ్ళు పడ్డ బాధ నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసుకోలేం. ఇదే జాతి అలలను వందేళ్ళ కిందట పుట్టించిన కేంద్రం స్వీడన్‌లోని గ్రిమెటన్‌లో ఉంది. 127 మీటర్ల ఎత్తు స్తంభాలు ఆరు, గిర్రున తిరిగే అలెగ్జాండర్సన్ జనరేటరు, 17.2 కిలోహెర్ట్జ్, అంటే ఒక్కో అల పొడవు 17 కిలోమీటర్లకు పైనే. 2004లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడా తిప్పేది స్వచ్ఛంద సేవకులే. ఏటా క్రిస్మస్ ముందురోజు ఆ యంత్రాన్ని లేపి లోకానికి ఒక శుభాకాంక్ష పంపుతారు.

కె.పి.హెచ్. పండుగ జూలైలో. చివరి సందేశం పోయిన రోజున, గ్రీనిచ్ లెక్కన అర్ధరాత్రి దాటి ఒక నిమిషానికి, కీ మళ్ళీ మోగుతుంది. ఆ పాత సందేశం వెళ్ళి ఒక్క నిమిషమే అయిందన్నట్టు. మనకు అది జూలై 13 ఉదయం 5 గంటల 31 నిమిషాలు. ఒక షార్ట్‌వేవ్ రిసీవర్, మిద్దె మీది నుంచి వేపచెట్టుకు కట్టిన పదిహేను మీటర్ల తీగ, 12808.5 కిలోహెర్ట్జ్. ఆ వేళకు ఇంట్లో ఎల్‌ఈడీ లైట్లు, ఫోన్ ఛార్జర్లు తీసేస్తే చప్పుడు తగ్గుతుంది. ముంగారు మబ్బులు ఉరుముతుంటే గరగరలు తప్పవు. అయినా చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా, మూడు నిమిషాలు కూర్చుంటాను.